లేచే ముందు ఏం రాస్తున్నారు? రాసే గంట చెదరకుండా కాపాడుకునే పద్ధతి

ఉగాది కథల పోటీకి గడువు ఇంకా ఆరు రోజులుంది. కథ సగం అయింది. రాత్రి తొమ్మిదిన్నర. తెర మీద చివరి వాక్యం: "రాజయ్య లేచి తలుపు". అక్కడ ఆగాను. తీసింది గడియా, గొళ్లెమా? పల్లెటూళ్లో పాత పెంకుటిల్లు, రెండు రెక్కల తలుపు. లోపలివైపు ఉండేదాన్ని ఏమనాలో చూద్దామని నెట్‌లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచాను. గొళ్లెం దొరికింది. దాని పక్కన ఇంకో మాట, అందులోంచి మరో మాట. అక్కణ్ణుంచి పాత తాళాలు బాగుచేసే ఆయన వీడియో, దాని కింద ద్వారబంధం చెక్కే వీడియో. తలెత్తి చూస్తే పదిన్నర దాటింది. రాజయ్య ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

మిగతా ఐదు రోజులూ అటూ ఇటూగా ఇలాగే గడిచాయి. కథ పంపలేదు. హామీపత్రం మాత్రం ముందే రాసి పెట్టుకున్నాను, "ఈ కథ నా సొంత రచన, ఎక్కడా ప్రచురితం కాలేదు" అని. ఆ రెండో ముక్క ఇప్పటికీ నిజమే.

తప్పంతా ఫోనుది, ఇంటర్నెట్టుది అని చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి వేరే. తలుపు అవతల ఉన్నది పదేళ్ల తర్వాత ఇంటికొచ్చిన కొడుకు. తలుపు తీస్తే రాజయ్య ఏదో ఒకటి అనాలి. ఏమంటాడో నాకు తెలీదు. తెలీదని ఒప్పుకోవడం కన్నా గొళ్లెం వెతకడం సుళువు.

రాసేవాళ్లకు దృష్టి చెదిరేది ఎక్కువగా ఇలాంటి చోటే. రాత బాగా సాగుతున్నప్పుడు పక్కన ఫోను మోగినా చిరాకు పడి పక్కకు నెట్టేస్తాం. తర్వాతి వాక్యం తెలియనప్పుడు మోగని ఫోను కూడా చేతిలోకి వస్తుంది. కాబట్టి ఫోనును కట్టడి చేయడం సగం పనే. ఆ సగం గురించీ వివరంగా చెబుతాను కానీ, ముందు మిగతా సగం.

మొదటి మెట్టు: వారం రోజులు లెక్క రాయండి

ఏదీ మార్చకండి. యాప్‌లు తీసేయొద్దు, తెల్లవారుజామున లేస్తానని ఒట్లు పెట్టుకోవద్దు. రాసే బల్ల మీద ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, రాతలోంచి బయటికి వెళ్లిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: టైము, ఎక్కడికి వెళ్లారు, వెళ్లే ముందు ఏ వాక్యం మీద ఉన్నారు. మొదటి రెండూ ఎవరైనా రాస్తారు. పనికొచ్చేది మూడోది.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

9.12 – వాట్సాప్ – కొత్త సీను మొదలుపెట్టాలి, ఊరా పొలమా తేలలేదు.
9.31 – మంచినీళ్లు (దాహం లేదు) – లక్ష్మి నిజం చెప్పేయాల్సిన చోటు.
9.40 – అమ్మ పిలిచింది, గ్యాస్ బుకింగ్ – బాగా సాగుతోంది, అయ్యో.
9.58 – క్రికెట్ స్కోరు – లక్ష్మి ఇంకా నిజం చెప్పలేదు.

వారం తర్వాత మొత్తం చూసుకుంటే కాస్త సిగ్గేసింది. కాలింగ్ బెల్లు, అమ్మ, డెలివరీ అబ్బాయి, ఇవన్నీ కలిపినా సగం కూడా లేవు. మిగతావన్నీ నా అంతట నేను లేచి వెళ్లినవే. అవి కూడా మళ్లీ మళ్లీ మూడే చోట్ల: సీను మొదలు, ఒక పాత్ర కష్టమైన మాట అనాల్సిన చోటు, ఏదో ఒక పదం మీదో వివరం మీదో అనుమానం వచ్చిన చోటు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (ఇర్వైన్)లో గ్లోరియా మార్క్ అనే ఆచార్యురాలు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను ఏళ్ల తరబడి పక్కనే ఉండి గమనించారు. ఇతరులు వచ్చి ఆపేదానితో దాదాపు సమానంగా మనల్ని మనమే ఆపుకుంటామని ఆమె పరిశీలనల్లో తేలింది. కంప్యూటర్ తెర మీద ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మారే ముందు మనుషులు దాని మీద నిలిచే సమయం 2004లో సగటున రెండున్నర నిమిషాలుండేదట. ఈ మధ్య ఏళ్లలో అది 47 సెకన్లకు వచ్చింది. 47 సెకన్లలో ఒక వాక్యం రాయొచ్చేమో కానీ, దాని తర్వాతి వాక్యం ఏమిటో ఆలోచించడానికి చాలదు.

మీ పుస్తకంలో వేరే చోట్లు తేలొచ్చు. వ్యాసాలు రాసే నా మిత్రుడికి ముగింపు దగ్గర తేలింది: ఆఖరి పేరా రాగానే బైకు తుడవాలనిపిస్తుందట. కవికి ఇంకోలా ఉంటుంది. వారం పూర్తి కాకుండా తర్వాతి మెట్టుకు వెళ్లకండి. ఏ జబ్బో తెలియకుండా మందు వేసుకున్నట్టవుతుంది.

రెండో మెట్టు: రాత్రే పప్పు నానబోయండి

రాత్రి పప్పు నానబోయకుండా పొద్దున్నే దోసెలు కావాలంటే ఎలా? రాతలో మనం రోజూ అదే చేస్తాం. ఖాళీ బుర్రతో వచ్చి, ఖాళీ పేజీ ముందు కూర్చుని, ఖాళీగా ఉన్న ఫోను తీస్తాం.

నేను చేసేది ఇది. ఆ రోజు రాత పూర్తయ్యాక, లేవకుండానే, చేతి వెడల్పు చీటీ మీద రేపటి సీను గురించి నాలుగు లైన్లు రాస్తాను. ఎవరు, ఎక్కడ, ఒకరికి ఏం కావాలి, సీను అయ్యేసరికి ఏం మారుతుంది. రాజయ్య కథకు ఆ చీటీ ఉండి ఉంటే ఇలా ఉండేది:

"రాజయ్య, కొడుకు. గుమ్మం దగ్గర, సందెవేళ. కొడుక్కి లోపలికి రమ్మనిపించుకోవాలి. రాజయ్యకు కొడుకు చేత 'తప్పయింది' అనిపించాలి. చివరికి ఇద్దరూ అనరు. కోడలు చెంబుతో నీళ్లు తెస్తుంది."

ఇందులో సాహిత్యం ఏమీ లేదు, ఉండక్కర్లేదు కూడా. కానీ ఇది పక్కనుంటే మర్నాడు "ఏం రాయాలి" అనే ప్రశ్న రాదు. "ఎలా రాయాలి" అనేదే మిగులుతుంది, అది కూర్చుని ఆలోచించడానికి బాగుండే ప్రశ్న. ఒక జాగ్రత్త: చీటీ మీద "కథ ముగించాలి", "మూడో భాగం రాయాలి" లాంటివి రాయకండి. అవి ఇంట్లోవాళ్లు చెప్పే పనుల్లా ఉంటాయి, చూడగానే తప్పించుకోబుద్ధేస్తుంది.

చీటీ రాస్తున్నప్పుడే "ఇక్కడ ఏం జరుగుతుందో నాకు తెలీదు" అని తేలిపోతే ఇంకా మంచిది. రాత్రి పడుకునే ముందు, పొద్దున స్నానం చేస్తూ, బస్సులో నిలబడి ఆలోచించుకోవచ్చు. తెలియని చోటు బల్ల ముందు కూర్చున్నాక ఎదురైతే పారిపోతాం. ముందే తెలిస్తే దాంతో తిరగడానికి ఒక రోజంతా ఉంటుంది.

మూడో మెట్టు: ఫోను ఎక్కడ పెట్టాలి

కాగితం మీదో కంప్యూటర్‌లోనో రాసేవాళ్లకు జవాబు చిన్నది: వేరే గదిలో. సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లించడం కాదు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ వార్డ్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సైలెంట్‌లో ఉన్న ఫోను బల్ల మీద ఉన్నవాళ్ల కన్నా పక్క గదిలో పెట్టినవాళ్లు బుర్రకు పనిచెప్పే పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఇదే ఫలితం ప్రతిసారీ రాలేదు కనుక దీన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. నాలుగు రోజులు బల్ల మీద, నాలుగు రోజులు వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టి మీ లెక్క పుస్తకంలో తేడా చూసుకోండి. నా విషయంలో ఫ్రిజ్ గెలిచింది. కారణం పెద్దదేం కాదు, బద్ధకం. లేచి హాలు దాటి వంటింటికి వెళ్లేలోపు "ఎందుకొచ్చాను" అని ఒకసారి అనిపిస్తుంది. అది చాలు.

"ఊళ్లో నాన్నకు ఒంట్లో బాగోలేదు, ఫోను దూరం పెడితే ఎలా?" అనే టెన్షన్ చాలామందికి ఉంటుంది, న్యాయమైనదే. దానికి డు నాట్ డిస్టర్బ్ ఉంది. ముఖ్యమైన నాలుగు నంబర్లను అనుమతించి మిగతావన్నీ ఆపేయండి. ఒకే నంబరు నుంచి వెంటనే రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే సౌకర్యం కూడా ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. ఇంట్లోవాళ్లకు ఒకసారి చెప్పి పెట్టండి: "అర్జెంటయితే రెండుసార్లు చెయ్యండి." రింగు సౌండు పెద్దగా పెట్టుకుంటే ఫ్రిజ్ మీదనుంచి కూడా వినిపిస్తుంది.

అసలు చిక్కు ఫోనులోనే రాసేవాళ్లకు. తెలుగులో ఇప్పుడు వీళ్లే ఎక్కువని నా అనుమానం. కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ నేర్చుకోని వాళ్లు, బస్సులో మెట్రోలో రాసేవాళ్లు, పిల్లలు పడుకున్నాక మంచం మీద దీపం లేకుండా రాసేవాళ్లు. వాళ్లకు ఫోనే కలం, ఫోనే సంత. "ఫోను దూరం పెట్టండి" అని వీళ్లకు చెప్పడం, కలం దూరం పెట్టి రాయమన్నట్టే.

వీళ్లు చేయాల్సిన మొదటి పని, వాట్సాప్‌లో రాయడం మానేయడం. మనకు మనమే మెసేజ్ పంపుకునే చాట్‌లో కథలు రాసేవాళ్లు నాకు చాలామంది తెలుసు, ఒకప్పుడు నేనూ రాశాను. సంతలో చాప పరుచుకుని కూర్చుని ఏకాగ్రత కావాలంటే ఎలా వస్తుంది? ఏదైనా మామూలు నోట్స్ యాప్ తీసుకోండి. రాయబోయే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. నెట్ లేనప్పుడు మీ కీబోర్డులో తెలుగు సరిగ్గా పడుతోందో లేదో, నోట్స్ యాప్ సేవ్ అవుతోందో లేదో ఒకరోజు ముందే చూసుకోండి. నోటితో చెప్పి టైపు చేయించుకునేవాళ్లు మరీ ముఖ్యంగా చూసుకోవాలి, అది కొన్ని ఫోన్లలో నెట్ లేకుండా పనిచేయదు. అలాంటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌కు బదులు, ఆండ్రాయిడ్ డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఉండే ఫోకస్ మోడ్ వాడండి. మీరు ఎంచుకున్న యాప్‌లు మాత్రమే నిద్రపోతాయి. ఇంకా గట్టిగా కావాలంటే యాప్ పిన్నింగ్ ఉంది, సెట్టింగుల్లో ఒకసారి ఆన్ చేసుకుంటే ఆ నోట్స్ యాప్ తెరకు అతుక్కుపోయినట్టుంటుంది. ఐఫోన్‌లో ఇదే పనికి గైడెడ్ యాక్సెస్. వీటిలోంచి బయటపడటం అసాధ్యమేమీ కాదు, కానీ రెండు మూడు నొక్కులు ఎక్కువ పడతాయి. ఫ్రిజ్ చేసిన పనే ఇదీ చేస్తుంది.

ఇక గ్రూపులు. కొంచెం కష్టంగా ఉన్నా చెప్పాలి: మన రాతకు అన్నిటికన్నా అడ్డు సాహిత్య గ్రూపులే. పొద్దున్నే శుభోదయాలు, ఎవరికో పురస్కారం, దాని కింద అరవై అభినందనలు, అందులో మనదీ ఒకటి లేకపోతే బాగోదేమోనన్న బెంగ. బయటికి రావాల్సిన పని లేదు. ఆర్కైవ్ చేసి, అవి అక్కడే ఉండిపోయేలా సెట్టింగు పెట్టుకుని, నోటిఫికేషన్లు ఎప్పటికీ రాకుండా మ్యూట్ చేయండి. రాత్రి భోజనం తర్వాత ఒకసారి లోపలికి వెళ్లి, అభినందనలన్నీ ఒకేసారి చెప్పేయండి. ఆలస్యమైందని ఇంతవరకూ ఎవరూ నన్ను నిష్ఠూరమాడలేదు.

నాలుగో మెట్టు: గురునాథుడి దారి

నిఘంటువు దగ్గరికి వద్దాం, నన్ను ముంచింది అదే కనుక.

తిక్కన గురించి మనవాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఆయన భారతం చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడట. తడుముకోకుండా చెబుతానని ఆయన, ఆగకుండా రాస్తానని ఈయన పట్టుదల. శల్యపర్వంలో ఒకచోట పద్యం చివర తిక్కనకు మాట తోచలేదు. "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడు దిగులుగా. గురునాథుడు దాన్నీ రాసేశాడు. తీరా చూస్తే అక్కడ మాట్లాడుతున్నది సంజయుడు, వింటున్నది ధృతరాష్ట్రుడు. "ఏమి చెప్పుదును, కురునాథా" అన్నది సంధిలో గురునాథా అయి కూర్చుంది. పద్యం పూర్తయింది.

చరిత్ర సంగతి పక్కనపెట్టి రాసేవాడిగా చూస్తే, ఇందులో నాకు కనిపించేది గురునాథుడి గంటం. తోచకపోయినా అది ఆగలేదు. మనకు తిక్కన అదృష్టం పట్టకపోవచ్చు, కానీ తోచనిచోట తోచలేదని రాసి ముందుకు పోవచ్చు.

పద్ధతి ఇది. పదం దొరక్కపోతే, వివరం తెలియకపోతే, లేచి వెతకొద్దు. మామూలుగా మన రాతలో రాని గుర్తు ఒకటి పెట్టుకోండి. నేను రెండు నక్షత్రాలు పెడతాను. "రాజయ్య లేచి తలుపు ★★గడియా గొళ్లెమా★★ తీశాడు." "కొడుకు జేబులోంచి ★★1978లో బస్సు టికెట్ ఎంత★★ తీసి చూపించాడు." అంతే, తర్వాతి వాక్యం. చిత్తుప్రతి పూర్తయ్యాక ఆ గుర్తు కోసం వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. కాగితం మీద రాసేవాళ్లు ఎర్ర పెన్నుతో చుట్టేస్తే సరి. ఆ అనుమానాలన్నీ తీర్చుకోవడానికి ఆదివారం మధ్యాహ్నం కూర్చోండి, అప్పుడు ఆంధ్రభారతిలో రెండు గంటలున్నా తప్పులేదు. నాకది ఇప్పటికీ పండగే.

తమాషా ఏమిటంటే, ఆదివారం వచ్చేసరికి ఆ గుర్తుల్లో మూడో వంతు అక్కర్లేకుండా పోతాయి. ఆ వాక్యమే ఉండదు.

ఇదే తర్కం దిద్దుబాటుకూ వర్తిస్తుంది. రాస్తూ రాస్తూ వెనక్కి వెళ్లి మొదటి పేరా దిద్దడం కూడా పారిపోవడమే, కాకపోతే పనిచేస్తున్నట్టు కనిపించే పారిపోవడం. టైపింగ్ తప్పులు, వత్తులు, పొల్లులు అన్నీ రెండో రోజుకు.

ఐదో మెట్టు: గంట ఏది, ఎంతసేపు

ఆంథొనీ ట్రాలప్ అని 19వ శతాబ్దపు ఇంగ్లిషు నవలాకారుడు. తపాలా శాఖలో ఉద్యోగం, మన రచయితల్లో చాలామందిలాగే. పొద్దున 5.30కి బల్ల ముందు ఉండేవాడు. లేపడానికి ఒక పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. ఇది వినగానే మనకు 250 మాటలే గుర్తుంటాయి, గుండె గుభేల్మంటుంది. నాకు నచ్చింది వేరే: మొదటి అరగంట ఆయన కొత్తగా ఏమీ రాసేవాడు కాదు, ముందురోజు రాసింది చదువుకునేవాడు. బండి స్టార్ట్ కావడానికి నాలుగు కిక్కులు కావాలని ఒప్పుకున్న మనిషి.

మనకు ఆయనలా రోజూ మూడు గంటలు ఎక్కడ దొరుకుతాయి? ఒక గంట దొరికితే గొప్ప. అది పొద్దునా రాత్రా అన్నది మీ ఒంటిని బట్టి, ఇంటిని బట్టి. నేను రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఐదింటికి మారాను. గొప్ప కోసం కాదు, ఆ వేళప్పుడు నాతో ఎవరికీ పని ఉండదు కనుక. పాలప్యాకెట్ వచ్చేది ఆరుంబావుకు, చెత్త బండి పాట ఏడింటికి. మధ్యలో కరెంటు పోయినా ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది.

ఎంతసేపు అన్నదానికి, 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు పెట్టుకుని చదివాడు. అదే ఇప్పుడు అందరూ చెప్పే పొమొడోరో పద్ధతి: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటాయే. వ్యాసాలకు, అనువాదానికి, టైపింగుకు ఇది బాగా కుదురుతుంది. కథలో మాత్రం 25 నిమిషాలకు పాత్రలు అప్పుడప్పుడే నోరు విప్పుతాయి, సరిగ్గా అప్పుడే టైమరు మోగుతుంది. నేను 45 పెట్టుకుంటాను. మీరు పెట్టుకునే టైము ఎంతైనా సరే, టైమరు మాత్రం ఫోనులో వద్దు. మార్కెట్లో వంటింటి టైమర్లు చవగ్గానే దొరుకుతాయి. అవీ లేకపోతే గోడ గడియారం ఉంది.

విరామంలో ఏం చేస్తారన్నది కూడా ముఖ్యం. ఐదు నిమిషాలు ఫేస్‌బుక్ చూస్తే అది ఐదు నిమిషాల్లో అవదు, అయినా మనసు అక్కడే ఉండిపోతుంది. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని గురించే రాసింది: ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారినప్పుడు దృష్టిలో కొంత భాగం పాత పని దగ్గరే అంటుకుని ఉంటుందని. మడత మంచం మీద ఉతికిన బట్టలు మడతపెట్టండి, మొక్కలకు నీళ్లు పోయండి. చేతులకు పని ఉండాలి, చదవడానికి ఏమీ ఉండకూడదు.

ఆరో మెట్టు: ఇంట్లోవాళ్లు

"ఏరా, రాస్తున్నావా, ఖాళీగా ఉన్నావా?"

మా అమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగే ప్రశ్న ఇది. ఆవిడ తప్పేం లేదు. చూసేవాళ్లకు ఆ రెండూ ఒకేలా ఉంటాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న మనిషి పనిలో ఉన్నాడని ఎవరనుకుంటారు?

"రాస్తున్నానమ్మా."

"అయితే రాసుకో. ఉప్పు అయిపోయింది, లేచినప్పుడు పట్టుకురా."

ఇక లేవకుండా ఉండటం నావల్ల అయ్యేది కాదు. బుర్రలో ఉప్పు ప్యాకెట్టే.

దీనికి రెండు పనులు చేశాం. ఒకటి, బేరం కుదుర్చుకున్నాం: ఐదు నుంచి ఆరుంబావు దాకా నేను ఇంట్లో లేనట్టే లెక్క. ఆ తర్వాత ఉప్పూ పప్పూ కరెంటు బిల్లూ ఏం చెప్పినా కిమ్మనకుండా చేస్తాను. ఈ రెండో సగం నిలబెట్టుకోకపోతే మొదటి సగం వారం కూడా నిలవదు. రెండు, తలుపు బయట మేకుకి ఒక చిన్న పలక, పక్కనే సుద్దముక్క. అమ్మకు ఏదైనా గుర్తొస్తే దాని మీద రాస్తుంది. నేను బయటికి రాగానే చదువుతాను. పనులన్నీ మర్చిపోకుండా ఒకచోట ఉంటాయని ఇప్పుడు ఆవిడకే ఎక్కువ నచ్చింది.

బల్ల మీద నాకూ ఒక చిత్తుకాగితం ఉంటుంది. రాస్తుండగా "ఈఎంఐ కట్టాలి", "బావగారికి ఫోన్ చెయ్యాలి" అని గుర్తొస్తే దాని మీద పడేసి మళ్లీ రాతలోకి వస్తాను.

అయినా ఎవరో ఒకరు పిలుస్తారు. సిలిండర్ వస్తుంది, కిందనుంచి ఓటీపీ అడుగుతారు. లేచే ముందు పది సెకన్లు తీసుకుని, రాస్తున్న వాక్యం పక్కన అరలైను రాయండి: "తర్వాత: కొడుకు చెప్పులు విప్పడు, గుమ్మం బయటే." లెరోయ్ మరో పరిశోధకురాలితో కలిసి 2018లో ప్రచురించిన పత్రం చెప్పేదీ ఇదే, మళ్లీ వచ్చి ఎక్కడ మొదలుపెట్టాలో రాసుకుని లేస్తే, వెళ్లిన పనిలోనూ మనసు ఉంటుందని. సిలిండర్ అబ్బాయికి చిల్లర సరిగ్గా ఇస్తాం, తిరిగొచ్చి రాజయ్య దగ్గరా సరిగ్గా దిగుతాం.

ఆడవాళ్లకు ఈ బేరాలు ఇంత సులువుగా కుదరవని నాకు తెలుసు. కుక్కర్ మూడో విజిల్‌కు ఎవరు లేవాలన్నది చాలా ఇళ్లలో ఇంకా చర్చకే రాలేదు. "తలుపేసుకుని రాసుకోండి" అనేది మగాడి సలహా. నాకు తెలిసిన ఒక కథకురాలు రోజులో రెండు ఇరవై నిమిషాలు ఎంచుకుంది: పిల్లల స్కూలు బస్సు వెళ్లిన వెంటనే ఒకటి, మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు ఇంకొకటి. చీటీ మాత్రం వంటింట్లో పోపుల డబ్బా మూత కింద ఉంటుంది. కూర తరుగుతూ తర్వాతి సంభాషణ మనసులో అనుకుంటుంది, ఇరవై నిమిషాల్లో దాన్ని కాగితం మీద పెడుతుంది. నా 45 నిమిషాలకన్నా ఆవిడ ఇరవైలోనే ఎక్కువ పని జరుగుతుంది.

ఇల్లు ఎంతకీ కుదరకపోతే గ్రంథాలయం ఉంది. హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. గ్రూప్స్‌కు, ఇతర ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు తల ఎత్తరు. వాళ్ల మధ్య కూర్చుని రీల్స్ చూడటానికి మీకే మొహం చెల్లదు. మీ ఊళ్లోని శాఖా గ్రంథాలయమైనా సరే, సెలవు రోజు, పనివేళలు ముందే కనుక్కుని పరీక్ష అట్ట, నాలుగు తెల్లకాగితాలు పట్టుకెళ్లండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్తే సగం సేపు ప్లగ్ పాయింటు వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఏ పద్ధతీ పనిచేయని రోజు

నిద్ర చాలని రోజు, ఇంట్లో ఎవరికో జ్వరంగా ఉన్న రోజు, ఆఫీసులో మాటపడి వచ్చిన రోజు. ఆ రోజు దృష్టి నిలవలేదని మీ మీద మీరు కేసు పెట్టుకోవద్దు. చీటీ మాత్రం రాసి పడుకోండి, రెండు లైన్లయినా. నా అనుభవంలో రాత ఒకరోజు ఆగితే ఏం కాదు. చీటీ రెండు రోజులు ఆగితే మాత్రం మూడో రోజు మళ్లీ క్రికెట్ స్కోరు దగ్గర తేలతాను.

నెలకోసారి లెక్క పుస్తకం మళ్లీ వారం రోజులు రాయండి. పారిపోయే దారులు మారుతుంటాయి. ఈ మధ్య నా కొత్త దారి, ఏకాగ్రత ఎలా కుదురుతుందో చెప్పే వీడియోలు చూడటం.

రాజయ్య కథ మళ్లీ మొదలుపెట్టింది మరుసటి ఏడాది మాఘమాసంలో. ఈసారి చీటీలో "ఇద్దరూ అనరు" అని నిజంగానే రాసుకున్నాను, దాన్ని పట్టుకుని రెండు పొద్దుల్లో ఆ సీను అయింది. రాజయ్య అసలు లేవడు. మంచం మీదనుంచే "దగ్గరకు వేసే ఉంది" అంటాడు. కొడుకు తలుపు నెట్టుకుని లోపలికి వస్తాడు. గడియా లేదు, గొళ్లెమూ లేదు.